పార్వేటకు ముందు ఒక్క మాట: మన తెలుగు సంఘం కార్యవర్గానికి బహిరంగ లేఖ

కార్యవర్గ సభ్యులందరికీ నమస్కారం.

మొన్న శనివారం వాట్సాప్‌లో మీ ఫ్లయర్ చూశాను. పైన పెద్ద అక్షరాలతో "కనుమ స్పెషల్: అమెరికాలో పార్వేట" అని ఉంది. దాని కింద పంచెకట్టు, భుజానికి ఆనించిన షాట్‌గన్, గాల్లో ముక్కలవుతున్న నారింజ రంగు బిళ్ల. ఆ పేరు ఎవరికి తట్టిందోగానీ వాళ్లకు ఓ దణ్ణం. తిరుమలలో కనుమ నాడు మలయప్ప స్వామి పార్వేట మండపానికి వేటకు బయల్దేరడం చూసినవాళ్లకే తట్టాలి అది.

నేను డాలస్ చుట్టుపక్కల తొమ్మిదేళ్లుగా క్లే షూటింగ్, అంటే గాల్లోకి విసిరే బిళ్లలను షాట్‌గన్‌తో పగలగొట్టే ఆట, ఆడుతున్నాను. రేంజ్‌లో ఇంకో తెలుగు మాట వినపడితే బాగుండునని తొమ్మిదేళ్లుగా అనుకుంటున్నాను కూడా. అందుకని మీ ఫ్లయర్ చూసి నాకంటే ఎక్కువ సంబరపడినవాళ్లు ఉండరు. అడుగున చిన్న అక్షరాల దగ్గరికి వచ్చేసరికి ఆ సంబరం కాస్తా దిగిపోయింది. "అనుభవం అక్కర్లేదు. తుపాకులు, తూటాలు అక్కడే ఇస్తారు. స్టూడెంట్స్, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అందరూ రావచ్చు!"

ఆ చివరి వాక్యం తీసేయమని అడగడానికే ఈ లేఖ. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటారేమో, మీలో ఇద్దరికి చేశాను. "రేంజ్‌వాళ్లు ఏమీ అడగరన్నా, అనవసరంగా టెన్షన్ పెట్టకు" అన్నారు. ఇలాంటి ఫ్లయర్లు వేరే ఊళ్ల గ్రూపుల్లోంచి కూడా నాకు ఫార్వర్డ్ అయి వస్తున్నాయి. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

సంగతి ఇది. అమెరికా ఫెడరల్ చట్టంలో టైటిల్ 18, సెక్షన్ 922 అని ఒకటుంది. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఈ దేశంలోకి వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ గానీ, తూటా గానీ ఉండకూడదని అది చెబుతుంది. నాన్ ఇమిగ్రెంట్ వీసా అంటే ఎవరో కాదు, మన సంఘంలో సగం మంది. ఎఫ్-1 మీద చదువుకునే పిల్లలు, హెచ్-1బీ మీద పనిచేసే వాళ్లు, హెచ్-4 మీద ఉన్న వాళ్ల భార్యలూ భర్తలూ, కంపెనీ బదిలీ చేస్తే వచ్చిన ఎల్-1 వాళ్లు, విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉండిపోదామని వచ్చిన అమ్మానాన్నలు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, సిటిజన్లకు ఈ నిబంధన వర్తించదు.

"మేం కొనడం లేదుగా, అక్కడ అద్దెకు తీసుకుని కాల్చి ఇచ్చేస్తాం" అని అడుగుతారు. చట్టం అడిగేది తుపాకీ ఎవరిదని కాదు, ఎవరి చేతిలో ఉందని. రేంజ్‌లో పది నిమిషాలు పట్టుకున్నా పట్టుకున్నట్టే. దుకాణంలో తుపాకీ కొంటే ఫారం నింపాలి, అందులో వీసా సంగతి అడుగుతారు. రేంజ్‌లోనే వాడి అక్కడే తిరిగి ఇచ్చేసే తుపాకీకి ఆ ఫారం లేదు. అందుకే కౌంటర్ దగ్గరి కుర్రాడు ఏమీ అడగడు. ఓ కాగితం మీద సంతకం పెట్టించుకుని కళ్లజోడు చేతికిస్తాడు. వాడు అడగలేదు కాబట్టి చట్టం లేదనుకోవడం, చెకింగ్‌కు టీసీ రాలేదు కాబట్టి టికెట్ అక్కర్లేదనుకోవడం లాంటిదే. కాకపోతే ఇక్కడ పడేది జరిమానాతో పోయే శిక్ష కాదు. ఈ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష 2022లో పదేళ్ల నుంచి పదిహేనేళ్లకు పెరిగింది.

ఎవరిని పట్టుకున్నారు ఇప్పటిదాకా అనే ప్రశ్న కూడా వచ్చింది నాకు. 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఒకటుంది. ఎమిరేట్స్ నుంచి స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడాకు వచ్చిన ఓ కుర్రాడిని మార్కులు సరిగ్గా రాక కాలేజీ తీసేసింది, దాంతో స్టేటస్, అంటే ఇక్కడ ఉండటానికి చట్టం ఇచ్చిన హక్కు, పోయింది. అతను ఇంటికి వెళ్లకుండా ఓ షూటింగ్ రేంజ్‌కు వెళ్లి, అక్కడి తుపాకులే తీసుకుని కాల్చాడు. కింది కోర్టులో పడిన శిక్ష 18 నెలలు. అతని మీద పెట్టింది స్టేటస్ లేనివాళ్ల క్లాజు, వీసా ఉన్నవాళ్లది దాని పక్క క్లాజు, రెండూ ఒకే సెక్షన్. తన స్టేటస్ ఏమిటో అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు మనకేమైనా పనికొస్తుందా? మనవాళ్లలో తన స్టేటస్ తెలియనివాడు ఎవడండీ? అర్ధరాత్రి నిద్ర లేపి అడిగినా ప్రయారిటీ డేట్‌తో (గ్రీన్‌కార్డు లైనులో తన తేదీతో) సహా చెబుతాడు.

ఇదంతా నేను పుస్తకం చదివి నేర్చుకున్నది కాదు. 2012లో నేను హెచ్-1బీ మీద ఉన్నాను. అప్పటి ఆఫీసులో టీం అవుటింగ్ అని పదిహేను మందిని ఊరి బయట క్లే రేంజ్‌కు తీసుకెళ్లారు. మాలో ఆరుగురు వీసా మీద ఉన్నవాళ్లమే. మేనేజర్‌కు తెలియదు, హెచ్‌ఆర్‌కు తెలియదు, మాకు అసలే తెలియదు. 25 బిళ్లలకు 4 పగలగొట్టాను. భుజం మీద తుపాకీ పెట్టుకుని, నల్ల కళ్లజోడుతో ఓ ఫొటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టాను. 112 లైకులు. మూడేళ్ల తర్వాత గ్రీన్‌కార్డు పని మీద లాయర్ ముందు కూర్చున్నప్పుడు, ఏదో మాటల్లో, "తుపాకులతో దిగిన ఫొటోలేమీ లేవు కదా" అని ఆవిడ నవ్వుతూనే అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. రెండింటికి లేచి ఫొటో తీసేశాను. తీసేస్తే పోతుందా, స్క్రీన్‌షాట్లు ఎన్ని చోట్ల ఉన్నాయో అని తెల్లారేదాకా అదే ఆలోచన. ఏమీ జరగలేదు, నా అదృష్టం. అదృష్టాన్ని నమ్ముకుని నూట యాభై మందిని పిలవకండి, అంతే నేననేది.

దారి లేదా అంటే ఉంది. మీరు పెట్టిన పేరులోనే ఉంది. అదే చట్టంలో ఒక మినహాయింపు రాసి పెట్టారు: అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉంటే నాన్ ఇమిగ్రెంట్ వీసా వాళ్లకు ఆ నిషేధం వర్తించదు. పార్వేటకు వేట లైసెన్సు! నవ్వొస్తుంది గానీ నిజం. మనం ఏ ప్రాణినీ వేటాడకపోయినా, మట్టి పిట్టలని పిలిచే ఈ బిళ్లల కోసం వేటగాడి కాగితం ఉండాలి.

మన టెక్సాస్‌లో అదేమంత బ్రహ్మవిద్య కాదు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. 17 ఏళ్లు నిండినవాళ్లు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లోనే చేసేయొచ్చు. ఆరు నెలలకు పైగా ఇక్కడే ఉంటున్నవాళ్లకు లైసెన్సు 25 డాలర్లు. లైసెన్సు సంవత్సరం ఆగస్టు 31తో అయిపోతుంది, అది మర్చిపోయి పాత కాగితం పట్టుకొస్తే పనికిరాదు. విజిటర్ వీసా మీద నిన్నగాక మొన్న వచ్చిన పెద్దవాళ్లకు నాన్ రెసిడెంట్ లైసెన్సంటే ధర చాలా ఎక్కువ, వాళ్లను ఆ తంటాలు పెట్టకండి. గ్రీన్‌కార్డు అప్లై చేసి ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) మీద ఉన్నవాళ్ల పరిస్థితి మనిషికో రకంగా ఉంటుంది. వాళ్లు ఎవరి లాయర్‌ను వాళ్లు అడుక్కోవాల్సిందే. నేను లాయర్‌ను కాదు. మీకు ఏటా దీపావళికి స్పాన్సర్‌షిప్ ఇచ్చే ఇమిగ్రేషన్ లాయర్ ఉన్నారు కదా, బ్యానర్ మీద ఆయన ఫొటో పెట్టేముందు ఈ ఫ్లయర్ ఒకసారి ఆయనకు చూపించండి.

ఇంకో చిక్కు ఉంది, అది నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెడుతుంది. ఇక్కడే పుట్టిన మన పిల్లలు సిటిజన్లు. స్కూలు టీముల్లో, 4-హెచ్ అనే పిల్లల క్లబ్బుల్లో చాలామంది క్లే ఆడుతున్నారు, ఇంకా ఆడాలి కూడా. పద్నాలుగేళ్ల అమ్మాయి కోచ్ పక్కన నిలబడి హాయిగా 25 బిళ్లలకు 20 కొడుతుంది. ఆమెను ప్రాక్టీసుకు దింపడానికి వచ్చిన నాన్న, గ్రీన్‌కార్డు లైనులో పదేళ్లుగా నిలబడ్డ నాన్న, "బరువుగా ఉందిగా, ఇలా ఇవ్వమ్మా" అని తూటాల పెట్టె అందుకున్నాడంటే తప్పు చేసినట్టే. తుపాకీ అక్కర్లేదు, తూటాలు చాలు. కారు డిక్కీలో పిల్ల మర్చిపోయిన సగం పెట్టె ఉన్నా చిక్కే. భార్య సిటిజనై, భర్త వీసా మీద ఉన్న ఇళ్లలో తుపాకీ ఉంటే, బీరువా తాళం ఎవరి దగ్గర ఉందన్నది కూడా ప్రశ్నే అవుతుంది. ఈ సంగతి పిల్లల తల్లిదండ్రులకు చెప్పాల్సింది మనం కాక ఇంకెవరు? కోచ్ చెప్పడు. ఆయన ఊళ్లో ఈ సమస్య ఎవరికీ లేదు.

ఇన్ని చెప్పి మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లానని అనుకోకండి. ఈ ఆట ఎంత బాగుంటుందో చెప్పకుండా వదిలితే నాకే మనసొప్పదు.

2019లో మా నాన్న వచ్చినప్పుడు ఓ ఆదివారం పొద్దున రేంజ్‌కు తీసుకెళ్లాను. గుంటూరు జిల్లాలో జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పి పిట్టలను తోలిన మనిషి ఆయన. అక్కడ ఆడేది స్పోర్టింగ్ క్లేస్. చెట్ల మధ్య దారి, దారి పొడుగునా పన్నెండో పదిహేనో స్టేషన్లు, ఒక్కోచోట బిళ్లలు ఒక్కో తీరున వస్తాయి. ఒకటి తలమీదుగా దూసుకుపోతుంది, ఒకటి పక్క నుంచి అడ్డంగా వస్తుంది, ఇంకొకటి కుందేలులా నేల మీద దొర్లుకుంటూ పోతుంది. నాన్న కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "పిట్టలేవిరా?" అన్నాడు. "మట్టి పిట్టలు నాన్నా" అన్నాను. గడ్డిలో పగలకుండా పడి ఉన్న బిళ్ల ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఇది మట్టి కాదురా, తారు" అన్నాడు. ఆయన అన్నదే నిజం. పేరుకే క్లే. సున్నపురాయి పొడి, తారులాంటి పిచ్ కలిపి అచ్చు పోస్తారు. అరచేతంత ఉంటుంది, 108 మిల్లీమీటర్లు, చేతిలోంచి జారి రాయి మీద పడితే పగిలిపోతుంది.

మరి పిట్టలనెందుకు అంటారని అడిగాడు. ఒకప్పుడు నిజంగా బతికున్న పావురాలనే పెట్టెల్లోంచి వదిలి కాల్చేవాళ్లని చెప్పాను. ఈ ఆటలో ఒక పోటీకి "ట్రాప్" అనే పేరు ఆ పెట్టెల వల్ల వచ్చిందే. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో కూడా పావురాలనే కాల్చారు. ఆ తర్వాత కాదు, అంతకుముందే, 1880లో సిన్సినాటిలో లిగౌస్కీ అనే ఆయన మట్టి బిళ్లకు పేటెంట్ తీసుకున్నాడు. నాన్న కాసేపు ఆలోచించి, "మంచి పని చేశాడు" అన్నాడు.

కాల్చి చూస్తానని నాన్న అడగలేదు, నేనూ ఇవ్వలేదు. విజిటర్ వీసా. దానికి బదులు బిళ్లలు వదిలే బటన్ ఆయన చేతిలో పెట్టాను. తుపాకీ ముట్టకుండా ఆటలో ఉండే ఉద్యోగం అది, నిజానికి చాలా పెద్ద ఉద్యోగం. నేను "పుల్" అంటే ఆయన నొక్కాలి. మొదటి రెండుసార్లు ఆలస్యం చేశాడు, మూడోసారి నేను నోరు తెరవకముందే నొక్కాడు. నాలుగో స్టేషన్‌కు వచ్చేసరికి లయ దొరికింది. ఆ స్టేషన్‌లో ఎడమ నుంచి కుడికి అడ్డంగా పోయే బిళ్లను వరసగా ఐదు పోగొట్టుకున్నాను. నాన్న వెనక నుంచి అన్నాడు: "నువ్వు పిట్టను చూట్టం లేదురా. తుపాకీని చూస్తున్నావు."

రెండేళ్లుగా మా కోచ్ నా చెవిలో ఊదుతున్నది సరిగ్గా అదే. రైఫిల్‌కు గురి కుదిరాక మీట నొక్కుతాం. షాట్‌గన్‌లో గురి అనేదే లేదు. ఒక్క ఔన్సు తూటాలో సుమారు 350 సన్న గుళ్లు గుంపుగా వెళ్తాయి. కన్ను బిళ్ల అంచు మీద ఉండాలి, చేతులు వాటంతటవే బిళ్ల కంటే ముందుకు పోవాలి, కాల్చాక కూడా తుపాకీ ఆగకూడదు. ఆగిందా, గుళ్లు వెనకే పోతాయి. వడిసెల తిప్పిన చేతికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. డీప్ మిడ్‌వికెట్‌లో క్యాచ్ కోసం పరుగెత్తినవాళ్లకూ చెప్పక్కర్లేదు, బంతి ఉన్నచోటికి కాదుగా పరుగెత్తేది. ఆరో బిళ్ల పగిలింది. నల్లటి పొడి గాల్లో చిన్న మబ్బులా ఆగి, మెల్లగా దిగింది. నాన్న మోకాలు చరిచాడు.

ఇది మనవాళ్ల ఆట కాదు, డబ్బున్న తెల్లవాళ్ల ఆట అని మొదట్లో నాతో చాలామంది అన్నారు. హైదరాబాద్ కుర్రాడు కైనన్ చెనాయ్ రియో ఒలింపిక్స్‌లో ట్రాప్ ఆడాడు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ట్రాప్ టీంతో స్వర్ణం, విడిగా కాంస్యం తెచ్చాడు. డబ్బు సంగతి మాత్రం నిజమే, చవక ఆట కాదు. దాని గురించి ఎప్పుడైనా తీరిగ్గా తిట్టుకుందాం.

ఇక ఆ రోజు ఏర్పాట్ల గురించి. కొత్తవాళ్లకు ఒక్కొక్కరికి ఒక ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండేలా రేంజ్‌తో మాట్లాడండి. ఖర్చవుతుంది, టికెట్ పెంచండి, పర్వాలేదు. తుపాకీలో ఒకసారికి ఒక్క తూటానే పెట్టించండి. కొత్తవాళ్లు మొదటి దెబ్బ తగిలీ తగలగానే సంతోషంతో తుపాకీతో సహా వెనక్కి తిరిగి "చూశావా!" అంటారు. రెండో తూటా లోపల ఉంటే ఆ "చూశావా" ఎటు తిరుగుతుందో ఊహించుకోండి. సన్నగా ఉన్నవాళ్లకు, పిల్లలకు 12 గేజ్ (పెద్ద గొట్టం తుపాకీ) ఇవ్వకండి. మొదటి దెబ్బకే భుజం కమిలితే మళ్లీ జన్మలో రారు. నా దగ్గర అంతకంటే సన్న గొట్టం 20 గేజ్ ఒకటుంది, తెస్తాను.

ఆడవాళ్లకు ఓ మాట చెప్పమని మా ఆవిడ పక్కనుంచి అంటోంది: పట్టుచీర ఫొటోలు భోజనాల దగ్గర దిగండి, స్టేషన్ దగ్గరికి మాత్రం మెడ దాకా మూసి ఉండే చొక్కా, బూట్లు. సెమీ ఆటోమేటిక్ తుపాకీలోంచి ఎగిరే ఖాళీ తొడుగు కాలుతూ ఉంటుంది, అది మెడలోంచి లోపల పడితే మనిషి గంతులేస్తుంది, చేతిలో తుపాకీతో. తనకు అయింది కాబట్టి చెబుతోంది.

బీరు కూలర్ గురించి మీకు తెలుసు, నాకు తెలుసు. ఆఖరి తుపాకీ సంచిలోకి వెళ్లి జిప్ వేశాకే దాని మూత తీయాలి. ఒక్కటి తాగినవాళ్లు ఇక ఆ రోజు కాల్చరు, ఎంత దాతలైనా సరే. రీల్స్ పిచ్చి ఉన్న కుర్రాళ్లకు గీత గీసి ఆపండి. గొట్టం కెమెరా వైపు తిప్పించే ఫొటో ఒక్కటి కూడా వద్దు. ఇంట్లో తుపాకీ తుడుస్తుంటే అది పేలి ప్రాణాలు పోయిన పిల్లల వార్తలు ఇక్కడి నుంచి మన ఊళ్లకు వెళ్లాయి. ఆ కబురు ఇంటివాళ్లకు చెప్పే ఫోన్ చేయాల్సి వచ్చేది ఎవరికో కార్యవర్గంలో పనిచేసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఫ్లయర్‌లో ఏం రాయాలో కూడా రాసి పెట్టాను, నచ్చితే వాడుకోండి: "గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, సిటిజన్లు, గడువులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవాళ్లు ఆడొచ్చు. మిగతావాళ్లకు బటన్, స్కోరు, భోజనం, కబుర్లు. తుపాకీ, తూటాలు ముట్టుకోవద్దు." రిజిస్ట్రేషన్ ఫారంలో ఎవరి వీసా ఏమిటని అడిగి ఆ జాబితా దాచుకోకండి, అదింకో తలనొప్పి. రూలు స్పష్టంగా చెప్పి, ఎవరి కాగితాలు వాళ్లనే చూసుకోమనండి. ఇష్టమున్నవాళ్లు లైసెన్సు తెచ్చుకోవడానికి వ్యవధి కావాలంటే తేదీ ఓ నెల జరిపినా తప్పులేదు. స్వామి ఏమీ అనుకోడు.

బటన్ డ్యూటీకి పెద్దవాళ్ల పేర్లు ముందే తీసుకోండి, పన్నెండు స్టేషన్లకు పన్నెండు మంది కావాలి. వాళ్లకూ చెవులకు మఫ్‌లు, కళ్లకు అద్దాలు ఉండాలి, మంచి కుర్చీలుండాలి. గర్భిణులను, చంటిపిల్లలను స్టేషన్లకు దూరంగా భోజనాల వైపే ఉంచండి, చప్పుడూ మంచిది కాదు, సీసమూ మంచిది కాదు. తూటాల్లో ఉండేది సీసమే, కాల్చినవాళ్ల చేతులకు అంటుకుంటుంది. చేతులతో కలుపుకుని తినే జాతి మనది, శానిటైజర్ రాసుకుంటే సీసం పోదు.

కనుమ నాడు మినుము తినాలంటారు కదా, రెండు వందల గారెలు మా ఇంటి నుంచి వస్తాయి. నాలుగు బకెట్ల నీళ్లు, డజను సబ్బులు కూడా నేనే తెస్తాను. గారెల బల్లకు ముందు సబ్బుల బల్ల వేయించండి.

ఇట్లు,
మీ సంఘం జీవిత సభ్యుడొకడు